యూనివర్సిటీ అందరిదీ కావాలంటే: వైకల్యం ఉన్న విద్యార్థులు, సిబ్బంది గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక యూనివర్సిటీలో వైకల్యం ఉన్న విద్యార్థులకు, ఉద్యోగులకు అండగా ఉండే విభాగంలో పనిచేస్తాను. ఫోన్ చేసి, మెయిల్ పెట్టి, కారిడార్‌లో ఆపి అడిగే ప్రశ్నలే ఇవన్నీ. అడిగేవాళ్లలో చాలామందికి సాయం చేయాలనే ఉంటుంది. ఏం చేయాలో తెలియక, తప్పు చేస్తామేమో అన్న టెన్షన్‌తో ఆగిపోతారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

వైకల్యం ఉన్నవాళ్లంటే వీల్‌చైర్ వాడేవాళ్లేనా?

గోడ మీద బోర్డులో ఆ బొమ్మే ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వాళ్లలో వీల్‌చైర్ వాడేవాళ్లు కొద్దిమందే. చూపు లేనివాళ్లు, తక్కువగా ఉన్నవాళ్లు, వినిపించనివాళ్లు, డిస్లెక్సియా వల్ల చదవడానికి ఎక్కువ సమయం పట్టేవాళ్లు, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని స్థితి) ఉన్నవాళ్లు, డిప్రెషన్‌తోనో బైపోలార్‌తోనో నెట్టుకొస్తున్నవాళ్లు, మూర్ఛ, కీళ్లవాతం లాంటి జబ్బులున్నవాళ్లు, అందరూ ఇందులోకి వస్తారు. ఈ జబ్బుల్లో కొన్ని ఇవాళ మామూలుగా నడవనిస్తాయి, రేపు మంచం దిగనివ్వవు.

చేరేటప్పుడు ఏ ఇబ్బందీ లేని మనిషి సెమిస్టర్ మధ్యలో యాక్సిడెంట్ అయ్యి రావచ్చు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న ప్రొఫెసర్‌కు వినికిడి మెల్లమెల్లగా తగ్గుతుండవచ్చు.

వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా?

ఎదుటి మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటే అదే అనండి. దివ్యాంగులు అనే మాటలో గౌరవం ఉందని ఇష్టపడేవాళ్లున్నారు. "మాలో దివ్యమైనదేమీ లేదు, మాకు కావాల్సింది పనిచేసే లిఫ్ట్" అనేవాళ్లూ ఉన్నారు. అంధులు, బధిరులు అని సూటిగా చెప్పుకోవడానికి చాలామందికి అభ్యంతరం ఉండదు. తెలియనప్పుడు నేను "వైకల్యం ఉన్న విద్యార్థి" అంటాను, అసలు అవసరం లేకపోతే పేరుతోనే పిలుస్తాను.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతాను. గుడ్డి, కుంటి, చెవిటి, పిచ్చి అనే మాటలు మన సామెతల్లో, సరదా తిట్లలో నిండిపోయి ఉన్నాయి. క్లాసులో లెక్చరర్ నోటి నుంచి "గుడ్డిగా బట్టీ పట్టకండి" అని వచ్చినప్పుడు, అదే గదిలో చూపు లేని విద్యార్థి కూర్చుని ఉంటాడు. ఆ మాటను మార్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. అలాగే "పాపం" అన్న మాట. ప్రేమతోనే అంటారు, కానీ రోజుకు పదిసార్లు విన్నవాళ్లకు అది బరువు.

మా దగ్గర అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ల కోసం ఇంత అవసరమా?

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఇద్దరే కనిపిస్తున్నారంటే, రాగలిగినవాళ్లు ఇద్దరే అని అర్థం. అడ్మిషన్ ఫారం స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) తెరుచుకోక ఆగిపోయినవాళ్లు, క్యాంపస్ చూడటానికి వచ్చి మెట్లు చూసి వెనక్కి వెళ్లినవాళ్లు మన లెక్కలోకి రారు. చేరాక కూడా చెప్పుకుంటే చిన్నచూపు చూస్తారేమో అని దాచుకునేవాళ్లు మరికొందరు.

అమెరికాకు చెందిన ఎడ్ రాబర్ట్స్ సంగతి చూడండి. పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింది భాగం చచ్చుబడింది. ఊపిరి తీసుకోవడానికి ఐరన్ లంగ్ అనే పెద్ద యంత్రం కావాలి. 1962లో ఆయన బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరాడు. ఆ యంత్రానికి హాస్టల్ గదులు సరిపోవని క్యాంపస్ ఆస్పత్రిలోనే ఒక గది ఇచ్చారు. ఒక్కడికి చోటు దొరికిందని తెలిశాక తీవ్ర వైకల్యం ఉన్న మరికొందరు అక్కడికి వచ్చి చేరారు. వాళ్ల నుంచే 1972లో బర్కిలీలో, వైకల్యం ఉన్నవాళ్లు తమ బతుకు తామే నడుపుకోవడానికి తోడ్పడే స్వతంత్ర జీవన కేంద్రం మొదలైంది. ఒకప్పుడు "ఇతను ఉద్యోగం చేయలేడు" అని సాయం నిరాకరించిన రాష్ట్ర పునరావాస శాఖకే ఆయన తర్వాత డైరెక్టర్ అయ్యాడు. వచ్చాక చూద్దాం అని తలుపు మూసుకుని కూర్చుంటే, ఆ వచ్చేవాళ్లు ఎప్పటికీ రారు.

ఇది దయతో చేసేదా, చట్టప్రకారం చేయాల్సిందా?

హక్కు. వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్‌లో ఆమోదించింది, 2008 మేలో అమల్లోకి వచ్చింది. ప్రపంచంలో అత్యధిక దేశాలు అందులో చేరాయి. దాని 24వ అధికరణం చదువు గురించి, ఉన్నత విద్యను కూడా పేరుపెట్టి చెబుతుంది. 27వది ఉద్యోగం గురించి. ఆ మనిషికి అవసరమైన, సంస్థకు మోయలేని భారం కాని సర్దుబాటును నిరాకరిస్తే అదే వివక్ష అవుతుందని ఒప్పందం స్పష్టంగా అంటోంది. కాబట్టి విద్యార్థి అడిగితే "చూద్దాంలే" అని పక్కన పెట్టే స్వేచ్ఛ మనకు లేదు.

ర్యాంప్ కట్టాం, లిఫ్ట్ ఉంది. ఇంకేం కావాలి?

ఆ ర్యాంప్ వాలు ఎంతుందో టేపు పెట్టి కొలిచారా? ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలన్నది చాలాచోట్ల పాటించే కొలత. 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, దానికి ర్యాంప్ 5.4 మీటర్లు రావాలి. చోటు చాలదని రెండు మీటర్లలో ముగించిన ర్యాంప్‌లు చాలా చూశాను. అది ఎక్కడానికి పనికిరాదు, దిగేటప్పుడు ప్రమాదం. రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి, పైన తలుపు ముందు ఆగడానికి సమతలం ఉండాలి. తలుపు తెరిచాక దారి 80 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 90 ఉంటే హాయి. వీల్‌చైర్ వెనక్కి తిరగాలంటే దాదాపు 150 సెంటీమీటర్ల వెడల్పున్న ఖాళీ కావాలి.

ఇక టాయిలెట్. కొన్నేళ్ల కిందట ఒక క్యాంపస్‌లో భవనాలు చూసి రమ్మంటే వెళ్లాను. తలుపు మీద వీల్‌చైర్ గుర్తు కొత్తగా మెరుస్తోంది, తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. తెరిస్తే లోపల నాలుగు చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, కాలు విరిగిన రెండు కుర్చీలు. పట్టుకునే కడ్డీకి తడిగుడ్డలు ఆరేశారు. కాగితాల్లో మాత్రం ఆ భవనంలో సౌకర్యం "ఉంది". అక్కడ చదివే ఒకమ్మాయి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా క్లాసులకు వస్తోందని ఆ రోజే తెలిసింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు.

అగ్నిప్రమాదం గురించి ఎవరూ ఆలోచించరు. మంటలు వస్తే లిఫ్ట్ వాడకూడదు. మరి మూడో అంతస్తులో వీల్‌చైర్‌లో ఉన్న మనిషి ఎలా దిగాలి? కిందికి దింపే ప్రత్యేక కుర్చీ ఉందా, దాన్ని వాడటం ఎవరికైనా వచ్చా? సైరన్ వినిపించనివాళ్లకు మెరిసే లైటు ఉందా? మాక్ డ్రిల్ చేసేటప్పుడు "మీరు కిందే ఉండండి" అని వాళ్లను పక్కన పెట్టేస్తే ఆ డ్రిల్‌కు అర్థమే లేదు.

లెక్చరర్‌గా నేను క్లాసులో ఏం మార్చుకోవాలి?

ముందు నేను చూసిన ఒక క్లాసు గురించి చెబుతాను. ఎకనామిక్స్ లెక్చరర్, మంచి ఉపాధ్యాయుడు. తెర మీద గ్రాఫ్ చూపిస్తూ, "ఇదిగో ఇది ఇలా వచ్చి, ఇక్కడ ఇలా పడిపోతుంది, చూశారుగా" అన్నాడు. మూడో బెంచీలో చూపు లేని విద్యార్థిని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని కూర్చుంది. రికార్డింగ్‌లో ఆమెకు మిగిలేది "ఇది, ఇలా, ఇక్కడ" అన్న మూడు మాటలు. పక్కన కూర్చున్న అమ్మాయి ఆమె చెవి దగ్గరికి వంగి "ధర పెరిగేకొద్దీ గిరాకీ తగ్గుతోంది" అంది. ఆ ఒక్క వాక్యం లెక్చరర్ పైకి చెప్పి ఉంటే సరిపోయేది. పైగా, గ్రాఫ్ చూస్తూ కూడా అర్థం కాక కూర్చున్న మిగతావాళ్లకు కూడా తెలిసేది.

బోర్డు మీద రాసేది నోటితో కూడా చెప్పండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. వెనక నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మళ్లీ చెప్పి జవాబివ్వండి. స్లైడ్లు ఒక రోజు ముందు పంపండి.

మైకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అని చాలామంది పక్కన పెట్టేస్తారు. హియరింగ్ లూప్ అనే ఏర్పాటున్న హాల్లో మైకులోని శబ్దం నేరుగా వినికిడి యంత్రానికి చేరుతుంది, గదిలో గోల కలవదు. మీరు మైకు పక్కన పెడితే ఆ దారి మూసుకుపోతుంది. గట్టిగా అరిచినా వాళ్లకు లాభం లేదు.

వీడియో చూపిస్తే క్యాప్షన్లు ఉండాలి. యంత్రం తనంతట తాను వేసే క్యాప్షన్లలో సాంకేతిక పదాలు తరచుగా తప్పుగా పడతాయి, ఒకసారి చూసి దిద్దండి. సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువగా మెరిసే దృశ్యాలుంటే ముందే చెప్పాలి. కొందరికి దానివల్ల మూర్ఛ వస్తుంది.

నోట్స్ పీడీఎఫ్‌గా పెడుతున్నాం. అది చాలదా?

మౌస్‌తో అందులో ఒక వాక్యం సెలెక్ట్ చేసి చూడండి. అవ్వకపోతే అది కేవలం బొమ్మ. పుస్తకంలో పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన నోట్స్ అన్నీ అంతే. స్క్రీన్ రీడర్ అందులో అక్షరాలు చూడలేదు. బొమ్మలోని రాతను గుర్తుపట్టే ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చి పెడితే చదువుతుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసుకుని, మానిటర్ ఆపేసి, మీ నోట్స్ మీరే విని చూడండి. పది నిమిషాల్లో ఈ పేజీ మొత్తం చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన నోట్స్ కంటికి చక్కగా కనిపిస్తాయి, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు. యూనికోడ్‌లోకి మార్చడం తప్ప మార్గం లేదు.

వర్డ్‌లో శీర్షికలను ఊరికే బోల్డ్ చేయకుండా హెడింగ్ స్టైల్‌తో పెట్టండి, అప్పుడే స్క్రీన్ రీడర్ ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి దూకగలదు. బొమ్మకు రెండు వాక్యాల వర్ణన రాయండి.

వెబ్‌సైట్లకు డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. తాజా 2.2 వెర్షన్ 2023లో వచ్చింది. అందులోని మూడు స్థాయిల్లో నడిమిదైన డబుల్ ఏ అందుకోవడం సాధారణ లక్ష్యం. దాని ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి. లేత బూడిదరంగు అక్షరాల ఫ్యాషన్ ఇక్కడే దెబ్బతింటుంది. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే ఫీజు కట్టే పేజీ దాటి చూడండి. మధ్యలో ఎక్కడో చిక్కుకుపోతే, ఒక విద్యార్థి ప్రతి సెమిస్టర్ అక్కడే చిక్కుకుంటున్నట్టు.

లైబ్రరీలో పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చుకోవచ్చా? కాపీరైట్ అడ్డం రాదా?

2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది, 2016లో అమల్లోకి వచ్చింది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసం పుస్తకాలను వాళ్లకు అందే రూపంలోకి మార్చడానికి, దేశాల మధ్య పంచుకోవడానికి అది కాపీరైట్‌లో మినహాయింపు ఇస్తుంది. మీ దేశం చేరి ఉంటే లైబ్రేరియన్‌తో మాట్లాడండి. పాఠ్యపుస్తకాల జాబితా మాత్రం సెమిస్టర్‌కు నెలల ముందే లైబ్రరీకి చేరాలి. మార్చడానికి సమయం పడుతుంది. పరీక్షల వారంలో చేతికొచ్చిన పుస్తకం వల్ల ఏం లాభం?

పరీక్షలో అదనపు సమయం ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం కదా?

పరీక్ష దేన్ని కొలుస్తోందో మొదట తేల్చుకోండి. చరిత్ర పేపర్ చరిత్ర తెలుసో లేదో కొలవాలి, ఎంత వేగంగా చదువుతారో కాదు. డిస్లెక్సియా ఉన్న విద్యార్థికి ప్రశ్న చదవడానికే రెట్టింపు సమయం పట్టవచ్చు. గంటకు పదిహేనో ఇరవయ్యో నిమిషాలు ఎక్కువ ఇస్తే ఆ విద్యార్థికి తెలిసింది రాసే వీలు దొరుకుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని పరీక్ష రాసేవాళ్లను చూసి అన్యాయం అని ఎవరూ అనరు.

స్క్రైబ్, అంటే విద్యార్థి చెప్పింది విని జవాబు రాసిపెట్టే మనిషి, దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. లెక్కల పరీక్షలో సమీకరణం నోటితో చెప్పాలంటే బ్రాకెట్ ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుంది కూడా చెప్పాలి. విన్న మనిషికి అది అర్థం కాకపోతే లెక్కే మారిపోతుంది, మార్కులు విద్యార్థికి పోతాయి. ఇద్దరికీ పరీక్షకు ముందే ఒకసారి కలిసి సాధన చేసే వీలివ్వండి. ఆఖరి నిమిషంలో దొరికినవాళ్లను కూర్చోబెట్టడం నేను చూసిన అన్యాయాల్లో పెద్దది. కంప్యూటర్ మీద తానే రాయగలిగే విద్యార్థికి ఆ అవకాశమే ఇవ్వడం ఇంకా మంచిది. సొంత వాక్యం సొంతంగా దిద్దుకోవడంలో ఉండే తృప్తి ఎవరికైనా ఒకటే.

బధిర విద్యార్థికి రాసి చూపిస్తే సరిపోతుందా?

చిన్న మాటకు సరిపోతుంది, పాఠానికి సరిపోదు. సంజ్ఞా భాష ఒక పూర్తి భాష, దానికి సొంత వ్యాకరణం ఉంది. అదే మాతృభాషగా పెరిగినవాళ్లకు రాతభాష రెండో భాష. మాటను సంజ్ఞల్లోకి మార్చి చెప్పే దుబాసీ కావాలి. గంటకు మించిన క్లాసుకు ఇద్దరు కావాలి, ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మారుతుంటారు, లేకపోతే అలసట వల్ల తప్పులు దొర్లుతాయి. మాట్లాడేటప్పుడు దుబాసీ వైపు కాకుండా విద్యార్థి వైపు చూడండి.

వాషింగ్టన్‌లోని గాలాడెట్ యూనివర్సిటీ 1864 నుంచి బధిరుల కోసమే నడుస్తోంది. అయినా దానికి మొదటి బధిర అధ్యక్షుడు వచ్చింది 1988లో, అదీ విద్యార్థులు వారం పాటు క్యాంపస్‌ను స్తంభింపజేశాక. మన కమిటీల్లో ఎవరు కూర్చుంటున్నారో చూసుకునేటప్పుడు ఇది గుర్తుకొస్తుంది.

చూడటానికి బాగానే ఉన్నారు. నిజంగా జబ్బు ఉందని ఎలా నమ్మాలి?

నమ్మడం, నమ్మకపోవడం మీ పని కాదు. పత్రాలు ఒకసారి మా లాంటి విభాగం చూస్తుంది, ఏ సర్దుబాటు కావాలో మీకు రాసి పంపుతుంది. జబ్బు పేరు మీకు తెలియాల్సిన అవసరం లేదు. ప్రతి సెమిస్టర్, ప్రతి లెక్చరర్ దగ్గర తన కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావడం ఎంత నలిగిపోయే పనో ఊహించండి. ఒకసారి చెప్తే అందరికీ చేరే ఏర్పాటు ఉంటే సగం బాధ తీరుతుంది. క్లాసు మధ్యలో "నీకు ఎక్స్‌ట్రా టైమ్ ఉంది కదమ్మా" అని అందరి ముందూ అనకండి.

హాజరు నిబంధన కూడా ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. జబ్బు తిరగబెట్టిన వారం మంచం మీద ఉన్న విద్యార్థికి రికార్డింగ్ పంపి, హాజరులో వెసులుబాటు ఇవ్వొచ్చు. ల్యాబ్ తప్పనిసరి అయితే ఇంకో రోజు పెట్టొచ్చు.

సిబ్బంది సంగతేంటి? అన్నీ విద్యార్థుల గురించే మాట్లాడుతున్నారు.

నిజమే, వాళ్లను అందరూ మరిచిపోతారు. విద్యార్థి మూడు నాలుగేళ్లు ఉంటారు, ఉద్యోగి ముప్పై ఏళ్లు. తరగతి గదిలో విద్యార్థుల బెంచీల దాకా వీల్‌చైర్ వెళ్తుంది, పాఠం చెప్పే వేదిక మీదికి మాత్రం మెట్లే. పాఠం చెప్పేవాళ్లకు వైకల్యం ఉండదని కట్టేటప్పుడే అనుకున్నారన్నమాట. ఉద్యోగులు చెప్పుకోవడానికి ఇంకా ఎక్కువ భయపడతారు, ప్రమోషన్ ఆగిపోతుందేమో అని. ఇంటర్వ్యూకు పిలిచే ఉత్తరంలోనే "మీకు ఏవైనా ఏర్పాట్లు కావాలా" అన్న ఒక వాక్యం అందరికీ పంపండి. అడిగినవాళ్లు వేరుగా కనిపించరు.

కండరాలు చచ్చుబడే జబ్బుతోనే భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1979 నుంచి 2009 వరకు కేంబ్రిడ్జిలో లుకేసియన్ ప్రొఫెసర్ అనే పేరున్న గణిత పదవిలో ఉన్నారు. 1985లో గొంతు పోయాక, కంప్యూటర్‌లో ఎంచుకున్న మాటలను పలికే స్పీచ్ సింథసైజర్‌తో మాట్లాడారు. ఆయన పట్టుదల గురించి చెప్పేవాళ్లు, పక్కనే ఉన్న నర్సులను, సహాయకులను, ఆ యంత్రాన్ని కూడా చెప్పాలి. అవి లేకుండా ఆ పని సాగేది కాదు. మన లెక్చరర్‌కు స్క్రీన్ రీడర్ లైసెన్స్ కోసం ఏడాదిపాటు ఫైలు తిప్పి, తర్వాత పరిశోధనా పత్రాలు తక్కువున్నాయని అడగడం న్యాయమా?

ఖర్చు ఎక్కువ అవుతుందేమో?

కొన్నిటికి అవుతుంది. పాత భవనానికి లిఫ్ట్ పెట్టడం, దుబాసీలకు జీతాలు నిజమైన ఖర్చులే, బడ్జెట్‌లో వాటికి విడిగా పద్దు ఉండాలి. ఆ ఖర్చు ఒక్కో డిపార్ట్‌మెంట్ మీద వేయకండి. వేస్తే ఆ డిపార్ట్‌మెంట్‌కు ఆ విద్యార్థి భారంగా కనిపించడం మొదలవుతుంది. కొత్త భవనంలో మొదటి నుంచే సరిగ్గా గీయించుకుంటే, తర్వాత పగలగొట్టి కట్టేదాంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. హెడింగ్ స్టైల్, స్లైడ్లు ముందే పంపడం, మైకు వాడటం, టాయిలెట్ తాళం తీయడం: వీటికి డబ్బే అక్కర్లేదు.

తోటి విద్యార్థిగా నేనెలా సాయపడాలి?

అడిగి సాయం చేయండి. తెల్ల కర్రతో నడుస్తున్నవాళ్ల చేయి పట్టి లాగకండి, "నా చేయి పట్టుకుంటారా" అని అడిగితే వాళ్లే మోచేతి దగ్గర పట్టుకుని మీ వెంట నడుస్తారు. వీల్‌చైర్‌ను చెప్పకుండా తోయకండి. ర్యాంప్‌కు అడ్డంగా బండి పార్క్ చేయకండి. టూర్‌కు వెళ్లేటప్పుడు "వాళ్లు రాలేరులే" అని మీరే తేల్చేయకుండా పిలవండి. రావాలో వద్దో వాళ్లు చెబుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితం మీద విధానం రాయడంతో మొదలుపెట్టకండి. మీ క్యాంపస్‌లోనే ఉన్న, వైకల్యం ఉన్న విద్యార్థులను, ఉద్యోగులను ఓ నలుగురిని పిలవండి. వాళ్ల సమయానికి గౌరవ వేతనం ఇవ్వండి. గేటు దగ్గర మొదలై క్లాసు, లైబ్రరీ, టాయిలెట్, హాస్టల్, పరీక్ష హాలు దాకా వాళ్ల వెంట వెళ్లండి. నిర్ణయం తీసుకునే అధికారి కూడా ఉండాలి, సహాయకుడిని పంపితే కుదరదు. అడ్డం తగిలిన ప్రతి చోటా ఫొటో తీసి, బాగుచేయాల్సిన మనిషి పేరు, గడువు తేదీ పక్కన రాయండి. ఆ జాబితా అందరికీ కనిపించేలా పెట్టండి. నెల తిరిగాక అదే నలుగురితో, అదే దారిలో మళ్లీ వెళ్లండి.